డాలస్‌లో తూర్పు వాకిలి

విదేశంలో ఇల్లు కొనేటప్పుడు నెల్లూరు జిల్లా బోగోలు కుటుంబంలో రెండు పక్షాలు ఏర్పడతాయి. సంతకాలు పెట్టేది డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న పక్షం. కొనేది బోగోలులో వీడియో కాల్ ముందు కూర్చున్న పక్షం. ఈ రెండో పక్షంలో తల్లి, తండ్రి, మేనమామ, కాస్తో కూస్తో వాస్తు తెలిసిన ఎదురింటాయన సభ్యులు. వీరి కోరం లేనిదే ఏ ఇల్లూ ఖాయం కాదు.

దేశాన్ని బట్టి కథ మారుతుంది. కువైట్ వెళ్లిన భారతీయ ఉద్యోగికి అక్కడ ఇల్లు కొనే దారి సాధారణంగా లేదు గనుక ఆ దీనార్లు ఊళ్లోనే స్లాబులవుతాయి. సింగపూరులో విదేశీయుడు ఇల్లు కొంటే 2023 ఏప్రిల్ నుంచి ధర మీద 60 శాతం అదనపు స్టాంపు సుంకం. ఆస్ట్రేలియా 2025 ఏప్రిల్ నుంచి తాత్కాలిక వీసాల వారిని చాలావరకు పాత ఇళ్ల జోలికి రానివ్వడం లేదు. అమెరికాకు ఈ పట్టింపు లేదు. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద వచ్చినవాడికీ ఇల్లు అమ్ముతుంది. వీసా ఇచ్చేది మూడేళ్లకు, అప్పు ఇచ్చేది ముప్పై ఏళ్లకు. ఉద్యోగం పోతే దేశంలో ఉండనిచ్చే గడువు 60 రోజులు. ఏ దేశం వారికైనా ఏటా 7 శాతానికి మించి గ్రీన్ కార్డులు ఇవ్వకూడదన్న నిబంధన వల్ల భారతీయుల వరస ఎప్పటికి కదులుతుందో తెలియదు. ఇందులో అప్పిచ్చే బ్యాంకుకు వింతేమీ కనబడదు.

బోగోలుకు కనబడుతుంది. పక్కనే బిట్రగుంట. పొగబండ్ల కాలంలో ఇంజన్ల షెడ్డుతో వెలిగిన రైల్వే ఊరు. సర్వీసంతా క్వార్టర్సులో గడిపి, రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో నాలుగు గదులు వేసుకుని, చేబదులు కూడా లేకుండా గృహప్రవేశం చేయడం ఆ తరం పరువు. అలాంటి తండ్రికి కొడుకు క్రెడిట్ స్కోరు గురించి చెప్పాల్సి వస్తుంది. ఆ స్కోరు 300 నుంచి 850 దాకా ఉంటుంది. జీవితంలో ఎప్పుడూ అప్పు చేయనివాడికి స్కోరే ఉండదు, స్కోరు లేనివాడికి అప్పు పుట్టదు. అందుకని అమెరికాలో దిగిన కొత్తలో కుర్రాళ్లు అవసరం లేకపోయినా కార్డు మీద పాలు, బ్రెడ్డు కొని, నెలనెలా తీర్చి, తాము అప్పులున్న పెద్దమనుషులమని నిరూపించుకుంటారు. ఈ మాట విన్న తండ్రి కాసేపు ఫోను భార్య చేతికిస్తాడు.

ధరలో 20 శాతం ముందు కట్టకపోతే అప్పుకు అదనంగా బీమా కట్టాలి. ఆ 20 శాతానికి ఊళ్లో ప్లాటు అమ్ముతారు. ఏడాదిలో పది లక్షల రూపాయలు దాటి ఇలా పంపితే, దాటిన సొమ్ము మీద ఇక్కడి బ్యాంకు 20 శాతం పన్ను ముందే పట్టుకుంటుంది. తర్వాత రిటర్నులో సర్దుబాటు అవుతుందన్నది నిజమే గానీ, ఆ ‘తర్వాత’ దాకా ఇంట్లో మాటలు పడాల్సింది తండ్రే. అసలు పరీక్ష ఆ పైన వస్తుంది. ఈ డబ్బు కానుకే, తిరిగి ఇవ్వనక్కర్లేదు అని తండ్రి సంతకం చేసిన ఉత్తరం అమెరికా బ్యాంకు అడుగుతుంది. కన్నకొడుక్కి ఇచ్చింది తిరిగి అడగనని కాగితం మీద రాయడం బోగోలులో ఏ తండ్రికైనా అవమానమే. సంతకం పెడితే చిన్నకొడుకు ఊరుకోడన్నది తల్లికి తట్టే విషయం.

ఇక దిక్కులు. బోగోలులో తూర్పు వాకిలికి శాస్త్రంతో పాటు లౌకికమైన కారణమూ ఉంది: సముద్రం అటే ఉంది, ఎండాకాలంలో మధ్యాహ్నం దాటాక చల్లగాలి అటునుంచే వస్తుంది. డాలస్‌కు ఏ వైపు నుంచైనా సముద్రం వందల కిలోమీటర్లు. అయినా వాకిలి తూర్పుకే ఉండాలి. తెలుగువారు ఎక్కువగా ఉండే ఫ్రిస్కో వంటి చోట్ల ఈ సంగతి ఇళ్లు అమ్మేవాళ్లకూ తెలిసిపోయింది. “అబ్బయా, ఫోను కదిలించబాక, ఈశాన్యం యాడుందో చూపీ” అని ఎదురింటాయన అడుగుతారు. చూపిస్తే అక్కడ బాత్రూమ్ ఉంటుంది. చికాగో వంటి మంచు ఊళ్లలో చిక్కు ఇంకొకటి. దక్షిణ వాకిలి ఇంటి ముందు ఎండ పడి మంచు దానంతటదే కరుగుతుంది. యముడి దిక్కని ఆ ఇంటిని వదిలేసి ఉత్తరపు వాకిలి కొన్నవారు జనవరిలో పార పట్టుకుంటారు.

గోడల సంగతి బయటపడేది తల్లిదండ్రులు ఆరు నెలలు ఉండడానికి వెళ్లినప్పుడు. తండ్రి ముందుగా గోడ మీద తడతాడు. డొల్లగా మోగుతుంది. చెక్క నిలువు పట్టీలు 16 అంగుళాల దూరంలో నిలిపి, పైన అర అంగుళం జిప్సం పలక కొట్టిన గోడ అది. “ఏంది, అట్టతో కట్టారే!” తుఫాన్లు చూసి చూసి స్లాబునూ ఇటుకనూ తప్ప దేన్నీ నమ్మని తీరం మనిషికి, సుడిగాలులు తిరిగే టెక్సస్‌లో చెక్క ఇంటికి ముప్పై ఏళ్ల అప్పు అంటే మింగుడు పడదు.

ముహూర్తం ఖరీదైన వ్యవహారం. అప్పు వడ్డీని బ్యాంకు ముప్పై రోజులకో అరవై రోజులకో ఖాయం చేస్తుంది. బడి సెలవులు చూసుకుని అమెరికాలో ఇళ్లు బాగా చేతులు మారే రోజుల్లోనే ఇక్కడ ఆషాఢం వచ్చి కూర్చుంటుంది. ముప్పై ఏళ్ల అప్పు సగటు వడ్డీ 2021 జనవరిలో 2.65 శాతానికి దిగింది, 2023 అక్టోబరులో 7.79 శాతానికి ఎక్కింది. నాలుగు లక్షల డాలర్ల అప్పుకు మొదటి లెక్కన నెలకు సుమారు 1,612 డాలర్లు, రెండో లెక్కన 2,877. మంచి రోజు కోసం ఆగినవారిలో కొందరికి ఆ రోజు మరీ ఆలస్యంగా వచ్చింది.

గృహప్రవేశంలో పాలు పొంగాలి, హోమం జరగాలి. అమెరికాలో కొత్త ఇళ్లలో పొగ గంటలన్నీ ఒకదానికొకటి కలిపి ఉంటాయి. ఒకటి మోగితే అన్నీ మోగుతాయి. అందుచేత అగ్నిదేవుణ్ణి గ్యారేజీలో, తలుపు ఎత్తిపెట్టి ఆవాహన చేస్తారు. గుమ్మానికి కట్టిన బూడిద గుమ్మడికాయ మీద కాలనీ సంఘం అభ్యంతరం చెబుతుందన్న భయం ఒకటి. టెక్సస్ చట్టం వాకిలి దగ్గర మతపరమైన వస్తువులకు చాలావరకు రక్షణ ఇస్తుంది. అక్టోబరులో అయితే చట్టమూ అక్కర్లేదు. వీధంతా గుమ్మడికాయలే.

చివరిది పన్ను. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, ఆ లోటు ఇంటి పన్నులో తీరుతుంది. ఏటా వసంతంలో ఇంటి విలువ ఇంత అని నోటీసు వస్తుంది. అభ్యంతరం సాధారణంగా మే 15లోగా చెప్పుకోవాలి. ఊళ్లో రిజిస్ట్రేషను కాగితం మీద ధర వేరు, చేతులు మారే ధర వేరు అని చిన్నప్పటినుంచీ విన్న జ్ఞానం ఇక్కడ అక్కరకొస్తుంది. ఇల్లు ఎంత పెరిగిందో ఆదివారం బోగోలుకు ఫోను చేసి గొప్పగా చెప్పిన యజమాని, సోమవారం అధికారుల ముందు నిలబడి, పునాదిలో పగుళ్లున్నాయని, పైకప్పు పాతదని, వంటగది అంత గొప్పదేమీ కాదని ఫోటోలతో సహా వాదిస్తాడు.