ట్యాంకు కొన్నాక చేపలు కొనకండి

సముద్రపు అక్వేరియం పెట్టాలనుకునే మన కొత్తగూడెం వాళ్లకు నేనిచ్చే సలహాలు తలకిందులుగా కనిపిస్తాయి. అయినా చెబుతాను, మన తొందరకు ప్రాణం పోయేది చేపకు కాబట్టి.

ట్యాంకు కొన్నాక చేపలు కొనకండి. రాళ్లు, ఇసుక, ఉప్పునీళ్లు పెట్టి మోటారు ఆన్ చేసి ఖాళీ ట్యాంకునే నడపండి. కాస్త అమ్మోనియా వేస్తే ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తుంది. అవి రాళ్ల మీద స్థిరపడటానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అయితే వారాలు లెక్కపెట్టడం కాదు, టెస్ట్ కిట్ చూడాలి. వేసిన అమ్మోనియా, దాని వెంట నైట్రైట్ ఒక్క రోజులో సున్నాకు వస్తేనే ట్యాంకు సిద్ధమైనట్టు. బొగ్గుబాయిలో సర్దార్ పైకప్పు కొట్టి చూసి, గ్యాస్ చూసి, సరేనన్నాకే కార్మికులు పనిలోకి దిగుతారు. ఇక్కడ ఆ సర్దార్ మీరే.

చిన్న ట్యాంకుతో చెయ్యి తిరిగాక పెద్దది కొనమంటారు. నేను ముందే పెద్దది కొనమంటాను. వేసవిలో మన దగ్గర 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. కరెంటు పోతే నలభై లీటర్ల నీళ్లు చూస్తుండగానే వేడెక్కుతాయి, రెండొందల లీటర్లు నింపాదిగా వేడెక్కుతాయి. ఆ తేడాలోనే మీకు సర్దుకునే సమయం దొరుకుతుంది. పగడాలు పెంచే రీఫ్ ట్యాంకుకు 25, 26 డిగ్రీలు హాయి. 30 దాటి రోజుల తరబడి ఉంటే పగడం తన ఒంట్లో ఉండి తిండి పెట్టే సూక్ష్మమైన నాచును వదిలేసి తెల్లబడుతుంది. 1998లో సముద్రం వేడెక్కినప్పుడు లక్షద్వీప్‌లో జరిగింది అదే. నీటి మీదికి ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతాయి గానీ, నడివేసవికి అది చాలదు. నీళ్లు చల్లబరిచే చిల్లర్ ఖర్చు లెక్కలో వేసుకోకుండా గాజు ట్యాంకు బేరం చేయవద్దు.

నీళ్లు తగ్గితే ఉప్పునీళ్లు పోయకండి. కొత్తవాళ్ల ట్యాంకులు ఎక్కువగా ఇక్కడే పాడవుతాయి. గాజు మీద నీటి మట్టం దగ్గర మార్కర్‌తో గీత గీసి పెట్టుకోండి. ఫ్యాన్ తిరిగే వేసవిలో తెల్లారేసరికి నీళ్లు ఆ గీత కిందికి జారి ఉంటాయి. ఆవిరైంది నీరే, ఉప్పంతా లోపలే ఉంది. లీటరుకు 35 గ్రాములుండాల్సిన ఉప్పు అప్పటికే పెరిగింది, దాని మీద మళ్లీ ఉప్పునీళ్లా? గీత దాకా మంచినీళ్లే పోయండి. అవి బోరు నీళ్లు కాకూడదు. ఆర్వో తర్వాత డీఐ ఫిల్టర్ కూడా దాటి, టీడీఎస్ మీటరు సున్నా చూపే నీళ్లు కావాలి. వంటింటి ఆర్వోలో రుచి కోసం ఖనిజాలు మళ్లీ కలిపే రకాలున్నాయి, అవి పనికిరావు.

కొత్త ట్యాంకులో ఇసుక మీద, గాజు మీద గోధుమరంగు మడ్డి పడుతుంది. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది, నిజమే. ఏ సీసా మందూ పోయకండి. అది డయాటమ్ అనే నాచు, నీటిలోని సిలికేట్ తిని బతుకుతుంది, అది అయిపోగానే చాలావరకు తానే పోతుంది. కంటికి అడ్డం వచ్చిన మేరకు గాజు తుడుచుకుంటే చాలు.

క్షారత 9 dKH ఉండాలని ఎవరో అన్నారని, నిలకడగా ఉన్న 8ని కదిలించకండి. ఈరోజు 7, రేపు 10 అయ్యే నీళ్లలో పగడం బతకదు. ఎనిమిదిలో ఏళ్ల తరబడి పెరుగుతుంది. నాకు తెలిసినంతలో అనుభవమంటే ట్యాంకులో చెయ్యి పెట్టడం తగ్గించుకోవడమే. ఎవరినైనా సలహా అడిగేముందు ఎన్నేళ్లుగా ట్యాంకు నడుపుతున్నారని అడగకండి, అందులోని పాత చేప వయసెంతని అడగండి. క్లౌన్ చేప సరిగ్గా చూసుకుంటే పదేళ్లు దాటి బతుకుతుంది. ఏటా కొత్త చేపలు కొనేవాళ్ల దగ్గర నేర్చుకునేది తక్కువ.

పగడాల దగ్గర మాత్రం ఇంకా గట్టిగా చెబుతాను. సముద్రంలోంచి తీసిందని, చవకని ఎవరైనా చూపిస్తే కొనకండి. మన సముద్రాల రాతిపగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, సముద్రగుర్రాలూ అంతే. అంటే పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. 'లైవ్ రాక్' పేరుతో అమ్మే ముక్క కూడా పగడపు అస్థిపంజరమే కావచ్చు. బదులుగా సిరామిక్ రాళ్లు పెట్టుకోండి, బ్యాక్టీరియాకు అవి సరిపోతాయి.

చేప విషయంలోనూ హ్యాచరీలో పుట్టిందే అడగండి. క్లౌన్ చేపలను గుడ్డు నుంచి పెంచే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ) శాస్త్రవేత్తలు విళింజం, మండపం కేంద్రాల్లో సాధించారు. దుకాణంలో మీ కళ్లముందు మేత వేయించండి. తినని చేపను తేవద్దు. తెచ్చినదాన్ని కొన్ని వారాలు విడి ట్యాంకులో ఉంచండి. తెల్లమచ్చ రోగం కనిపిస్తే రాగి మందు అక్కడే వేయొచ్చు. అదే మందు పెద్ద ట్యాంకులో పోస్తే రొయ్యలు, నత్తలు, పగడాలు అన్నీ చస్తాయి.