వియత్నాం వయా వికారాబాద్

నలభై దాటిన మగాడికి మా అపార్ట్‌మెంటులో రెండే దార్లు. ఒకటి అయ్యప్ప మాల, రెండోది బుల్లెట్ బండి. మాల వేసుకున్నవాళ్లు ఏటా శబరిమల వెళ్లొస్తూనే ఉన్నారు. రెండో దారి పట్టిన మేం పద్నాలుగు మందిమి. బండ్ల మీద విదేశయాత్ర చేసితీరాలని నిరుడు తీర్మానించాం. ఆ సాయంత్రమే వాట్సాప్ గ్రూపు పుట్టింది. దానికి పేరు పెట్టడానికి పదకొండు రోజులు పట్టింది. బొమ్మ సింహమా డేగా అన్న దగ్గర ఇద్దరు అలిగి గ్రూపులోంచి వెళ్లిపోయారు, భోజనాల వేళకు తిరిగొచ్చారు.

మొదట వియత్నాం అనుకున్నాం. ఉత్తరాన హా జాంగ్ అని కొండల సీమ ఉంది. మా పీ లెంగ్ కనుమ అంచున నిలబడి కిందికి చూస్తే న్యో క్వే నది ఆకుపచ్చ దారంలా కనిపిస్తుంది. బండ్లు అక్కడే అద్దెకిస్తారు, మనవి మోసుకెళ్లే పనిలేదు. ఈ చివరి ముక్క విని ముగ్గురు డీలా పడ్డారు. అంత డబ్బు పోసి మార్పించిన సైలెన్సర్ మోత వియత్నాం వాడి చెవిన పడకపోతే ఇక ఎందుకు?

అక్కడ బండి నడపడానికి ఇంటర్నేషనల్ పర్మిట్ కావాలన్నారు. అది కావాలంటే పాస్‌పోర్టు ఉండాలి. మాలో అయిదుగురి పాస్‌పోర్టులే ప్రాణంతో ఉన్నాయి. మిగతావాళ్లు “అప్లై చేస్తున్నాం” అన్నారు, ఇప్పటికీ అదే మాట మీద ఉన్నారు. అయిదుగురమూ ఆర్టీఏ ఆఫీసుకెళ్లి, వెయ్యి రూపాయల ఫీజు కట్టి, ఆ పుస్తకాలు తెచ్చుకుని గ్రూపులో ఫొటో పెట్టాం. చప్పట్లు ఒకటే పడ్డాయి.

నెల తిరక్కుండా మా ఆడిటర్ మిత్రుడు (ఎదుటివాడు సంతోషంగా ఉంటే లెక్క ఎక్కడో తప్పిందనుకునే రకం) అసలు సంగతి బయటపెట్టాడు. మనవాళ్లిచ్చే పర్మిట్ 1949 నాటి జెనీవా ఒప్పందం ప్రకారమట. వియత్నాం ఒప్పుకున్నది 1968 నాటి వియన్నా ఒప్పందాన్నట. మన పుస్తకం అక్కడ చెల్లదు. ఇంట్లో రెండు పంచాంగాలుంటే పండగెప్పుడో తేలనట్టే. “పోలీసు పట్టుకుంటే ఎంతో కొంత చేతిలో పెడదాంలే” అన్నాడొకడు, అలవాటైన ధైర్యంతో. “పట్టుకుంటే సరే, పడితే? చెల్లని లైసెన్సుకు ఇన్సూరెన్సు వాడు పైసా రాల్చడు” అన్నాడు ఆడిటర్. వియత్నాం అక్కడితో సరి.

తర్వాత భూటాన్ వంతు. రాజధాని తింఫూలో సిగ్నల్ లైట్లే ఉండవని, కూడలిలో తెల్ల చేతిజోళ్ల పోలీసు చేతులూపుతూ బండ్లను పంపిస్తాడని తెలిసి అందరికీ ఊపొచ్చింది. సిగ్నల్ వంక చూడకుండా నడపడంలో మా అనుభవం అలాంటిది మరి. తీరా మనిషికి రాత్రికి 1,200 రూపాయలు అక్కడి సర్కారుకు రుసుము కట్టాలనేసరికి “ఇది దోపిడీ” అని గోల చేశారు. అన్నది ఎవరనుకున్నారు? ఇరవై వేలు పెట్టి హెల్మెట్ కొన్నవాడు. ఆయన పేరిట హెల్మెట్ లేనందుకు పడిన చలాన్లు పన్నెండు. ఆ కొత్త హెల్మెట్‌తో పాలప్యాకెట్టుకు వెళ్తే గీతలు పడతాయట. అందుకని దాన్ని బీరువాలో, వాళ్లావిడ పట్టుచీరల పక్కన, కలరా ఉండలు వేసి పడుకోబెట్టాడు.

ఆఖరికి నేపాల్ దగ్గర ఆగాం. వీసా గొడవ లేదు. మనలాగే ఎడమ పక్కన నడుపుతారు. గడియారం పావుగంట ముందుకు జరుపుకుంటే చాలు. సోనౌలీ సరిహద్దులో బండికి రోజుల లెక్కన భన్సార్ అనే సుంకం కట్టాలి, ఒరిజినల్ ఆర్సీ చూపాలి. ఆర్సీలు బయటికి తీశాక ఇద్దరి బండ్లు మామగార్ల పేరు మీద ఉన్నాయని తేలింది. అప్పటిదాకా అవి వాళ్ల చెమట.

బండి సరే, మనిషికీ కాగితం కావాలన్నారు. పాస్‌పోర్టన్నా ఉండాలి, ఓటరు కార్డన్నా ఉండాలి. ఆధార్ మా వయసువాళ్లకు పనికిరాదు. పాస్‌పోర్టు లేని తొమ్మిదిమందీ సొరుగులన్నీ గాలించారు. ఇద్దరికి కార్డు దొరికింది. ఏడుగురికి ఓటర్ల జాబితాలో పేరే లేదు. ఎలా ఉంటుంది? పోలింగ్ రోజు సెలవిస్తే తెల్లారేసరికి అనంతగిరి కొండలకు బండ్లు కట్టి, వికారాబాద్‌లో ఇడ్లీ తిని, ‘రైడ్ ఫర్ డెమోక్రసీ’ అని ఫొటో పెట్టింది మేమే కదా!

ఈలోగా మా అత్తగారు నేపాల్ వెళ్లొచ్చేశారు. విష్ణు సహస్రనామం బృందంతో బయల్దేరారు. రెండు చీరలు, మాగాయ సీసా, అరిసెల డబ్బా, ఏ ఎన్నికా వదలని ఓటరు కార్డు. గోరఖ్‌పూర్ దాకా రైలు, అక్కణ్నుంచి బస్సు, పైన జీపు. 3,700 మీటర్ల ఎత్తు దాటిన ముక్తినాథ్‌లో 108 ధారల కింద తడిసి, తుమ్మకుండా తిరిగొచ్చారు. ప్రసాదం చేతిలో పెడుతూ, “దారి పొడుగునా మీలాంటి బండ్లవాళ్లే బాబూ. బురదలో కూలబడి గొలుసులు బిగించుకుంటున్నారు. చూళ్లేక తలా రెండు అరిసెలు పెట్టాను” అన్నారు.

ఇంటర్నేషనల్ పర్మిట్ ఏడాదే చెల్లుతుంది. మా అయిదుగురిదీ వచ్చే నెలతో సరి. గ్రూపులో మాత్రం చలనం ఉంది. నిన్న జాకెట్ల రంగు మీద పోలింగ్ పెట్టారు. పద్నాలుగుకు పద్నాలుగు ఓట్లూ పడ్డాయి.