స్టెప్నీ లేని సంసారం

బళ్ళారిలో మా బ్రూస్‌పేటలో కొత్త కారు ఇంటికొస్తే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం ఆచారం. నాలుగు చక్రాలకు నాలుగు కాయలు. మా అమ్మ ఐదోది కూడా తెచ్చింది, స్టెప్నీకి చూపించడానికి. డిక్కీ తెరిచి కింద పరిచిన అట్ట ఎత్తాను. గుండ్రటి గుంత ఉంది. సరిగ్గా ఒక చక్రం పట్టేంత గుంత. చక్రం మాత్రం లేదు. దాని స్థానంలో తెల్లటి థర్మకోల్ అచ్చు, అందులో పాలసీసా అంత డబ్బా ఒకటి, గాలి కొట్టే బుల్లి మోటారు ఒకటి. మా అమ్మ ఐదో నిమ్మకాయను కాసేపు చేతిలో తిప్పి, ఏమీ అనకుండా కొంగున ముడేసుకుంది.

షోరూము కుర్రాడికి ఫోను చేశాను. "సార్, ఇది మోడర్న్ కారు. వీటికి స్టెప్నీ అవసరం ఉండదు" అన్నాడు. పిల్లాడికి ఉద్యోగం లేదేమని పెళ్ళిచూపుల్లో అడిగితే, మావాడు ఒకరి కింద చేసే రకం కాదండీ అన్నట్టుంది. పైగా బరువు తగ్గిందట, మైలేజీ పెరుగుతుందట. స్టెప్నీ బరువు మహా అయితే పదిహేను కిలోలు. మా బావమరిది ఒక్కడు తొంభై. వాణ్ణి దించేస్తే ఇంకెంత మైలేజీ వస్తుందో కంపెనీవాళ్ళే లెక్కకట్టి చెప్పాలి.

చట్టం కూడా వాళ్ళ పక్షానే ఉంది. 2020 జులైలో కేంద్ర రవాణా శాఖ మోటారు వాహనాల నిబంధనలను సవరించింది. మూడున్నర టన్నుల లోపు కార్లకు ట్యూబులెస్ టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే పరికరం, పంచరు కిట్టు ఉంటే చాలు, స్టెప్నీ ఇవ్వకపోయినా తప్పు కాదు. అంతర్జాతీయ పద్ధతి అదేనట. మిగిలిన చోటు ఎలక్ట్రిక్ కార్లలో పెద్ద బ్యాటరీకి పనికొస్తుందని కూడా చెప్పారు. బాగుంది. నాది పెట్రోలు కారు. మిగిలిన చోట్లో థర్మకోల్ కూర్చుంది. పద్ధతి అంతర్జాతీయమే, దారి మాత్రం సండూరు నుంచి ఖనిజం మోసే లారీలు దున్నిపోయిన దారి. ఆ లారీల నుంచి రాలిన బోల్టులకు అంతర్జాతీయ పద్ధతులు తెలియవు.

ఇక ఆ హెచ్చరించే పరికరం. టైరులో గాలి పోతోందని పసుపు దీపం వెలిగించి చెబుతుంది. ఇల్లు కాలుతోందని వీధిలో నిలబడి అరిచేవాడు కూడా మంచివాడే, కాదనను. చేతిలో బిందె ఉంటే ఇంకా మంచివాడు.

ఆ దీపం నాకు మూడో నెలలోనే వెలిగింది. గుంతకల్లులో పెళ్ళికి పోతున్నాం. విడపనకల్లు దాటాక రోడ్డు అంచు మీంచి చక్రం దిగి ఎక్కింది, టైరు పక్కభాగం బెత్తెడు చీలింది. కిట్టు తీశాను. డబ్బా మీద అక్షరాలు చీమ తలకాయంత ఉన్నాయి. మా చిన్నోడు చదివి పెట్టాడు: ఇది నేలకు తగిలే భాగంలో పడిన చిన్న చిల్లులకు మాత్రమే, పక్కభాగం చీలితే వాడరాదు. అంటే మేకు గుచ్చుకుంటే మందుంది, కత్తిగాటు పడితే లేదు. అయినా మన ప్రాణం ఊరుకోదు కదా, ఎక్కించాను. మోటారు గుర్రుమంది. గృహప్రవేశం రోజు పాలు పొంగినట్టు చీలికలోంచి తెల్లటి నురగ పొంగి, పట్టుపంచె మీదికి వచ్చింది.

దారిలో ఆదుకునే ఫోను నంబరొకటి ఉంది, ఇరవైనాలుగు గంటలూ పలుకుతుంది. పలికింది. "సార్, మీరు కర్ణాటకలో ఉన్నారా, ఆంధ్రాలో ఉన్నారా?" బండి నంబరు కేఏ 34, నిలబడింది ఆంధ్రాలో. కర్ణాటక అమ్మాయి ఆంధ్రాకు కలిపింది. ఆంధ్రా అబ్బాయి బండి మాది కాదు అన్నాడు. 1953లో మిశ్రా కమిషన్ కూర్చుని బళ్ళారి తాలూకాను మైసూరుకు, అంటే ఇప్పటి కర్ణాటకకు, తేల్చింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రాకు పోయాయి. నా టైరు ఏ రాష్ట్రానిదో తేల్చే కమిషన్ మాత్రం ఇంతవరకూ వేయలేదు.

పక్కన ఒక ఖనిజం లారీ ఆగింది. డ్రైవరు దిగి, ఎర్రధూళి కొట్టుకున్న తువ్వాలు దులుపుకుంటూ కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. "అన్నా, స్టెప్నీ తియ్యి, నేను మారుస్తా" అన్నాడు. లేదన్నాను. తన లారీ వైపు చూశాడు, నా కారు వైపు చూశాడు. "పది చక్రాలు పెట్టుకుని నేను ఇంకోటి మోస్తున్నా. నాలుగే ఉన్న నీకు లేదా?"

నిజానికి ఆ మాట పుట్టుకే విచిత్రం. వేల్స్ దేశంలో లనెల్లి అనే ఊళ్ళో స్టెప్నీ స్ట్రీట్ అని ఒక వీధి. అక్కడ డేవిస్ సోదరులు 1904లో అదనపు చక్రం ఒకటి తయారుచేసి అమ్మారు. ఆకులు లేని ఉత్త రిమ్ము, గాలి నింపిన టైరుతో సహా. పంచరైన చక్రానికి పక్కనే బిగించుకుని ఇల్లు చేరడమే. ఆ వీధి పేరే చక్రానికి పేరైంది. ఇంగ్లీషువాళ్ళు ఆ మాటను ఎప్పుడో మరిచారు, మనం పట్టుకున్నాం. (మనవాళ్ళు దానికి ఇంకో అర్థం కూడా కట్టారు, అది ఇక్కడ అనవసరం.) ఎవరో బ్రూస్ దొర పేరును పేటకు పెట్టుకుని మోస్తున్నవాళ్ళకు వేల్స్ వీధి ఒక బరువా? మాట నూరేళ్ళు దాటి నిలిచింది. వస్తువే పోయింది.

సరే, ఆ రోజు ఎలాగో ఇల్లు చేరాం. స్టెప్నీ ఒకటి కొనుక్కుందామని బయల్దేరాను. కారు అమ్మినవాళ్ళ విడిభాగాల కౌంటరులో అలాయ్ చక్రం, టైరు కలిపి చెప్పిన ధర విని, ఆ లెక్కన నాలుగు చక్రాలు విడిగా అమ్ముకుని మిగతా కారు ఊరికే ఇవ్వొచ్చు కదా అనిపించింది.

చివరికి పేట చివర పంచరు అంగడి మలయాళీ కాకా దగ్గరికి చేరాను. ఆయన నా టైరు మీది అంకెలు వేలితో తడిమాడు: 195/55 ఆర్ 16. "దీనికి పదహారే అక్కర్లేదు, 185/65 ఆర్ 15 ఇనుప చక్రం సరిపోతుంది. రెండూ నిలబెడితే ఒకటే ఎత్తు" అన్నాడు. ఇంటికొచ్చి మా చిన్నోడి చేత లెక్క కట్టించాను. ఒకటి 620.9 మిల్లీమీటర్లు, రెండోది 621.5. కాలిక్యులేటరు లేకుండా కాకా చెప్పింది వెంట్రుకవాసి తేడాతో నిజం. ఎత్తు కుదిరితే చాలదు. నాలుగు బోల్టుల వలయం నూరు మిల్లీమీటర్లేనా, నడిమి రంధ్రం హబ్బుకు పడుతుందా, లోపలి బ్రేకుకు తగులుతుందా, నట్టు మర ఒకటింబాతికా ఒకటిన్నరా. జాతకాలలో కూడా ఇన్ని పొంతనలు చూడరు.

మొదట తెచ్చినదాని బోల్టుల వలయం కలవలేదు. "స్వల్ప అడ్జస్ట్ మాడ్కొళ్ళి" అన్నాడు పాతసామాన్ల అంగడివాడు. పెళ్ళాంతో అడ్జస్ట్ అవుతాం గానీ బోల్టుతో ఎలా అవుతాం? రెండోదాన్ని చూపించి "కొత్త టైరే సార్, నేల తాకలేదు" అని ప్రమాణం చేశాడు. కాకా దాని చెంప మీద నాలుగంకెలు చూపించాడు: 3118. అంటే 2018లో ముప్పై ఒకటో వారంలో పుట్టింది. నేల తాకని మాట నిజమే కావచ్చు, వయసులో మా కారుకు అన్న. మూడోది కుదిరింది. గుంతలో కూర్చోబెడితే పైన రెండు వేళ్ళు తేలింది. అట్ట పరిస్తే డిక్కీ గర్భిణిలా ఉంది. మా అమ్మ వచ్చి, ఎండి గోలీ అయిన ఐదో నిమ్మకాయను ఆ చక్రం మీద పెట్టి దండం పెట్టుకుంది.

మొన్న మొదటి సర్వీసుకు కారు వదిలాను. సాయంత్రం షోరూము కుర్రాడే ఫోను చేశాడు. ఇదేదో గ్యారంటీకి అడ్డమని చెబుతాడేమోనని గుండె గుబేలుమంది.

"సార్, ఆ స్టెప్నీ ఎక్కడ దొరికింది? ఇక్కడ ఇంకో నలుగురు కస్టమర్లు అడుగుతున్నారు."