పెరడు లేని పొగపొయ్యి

కలకత్తా కెదురుగా, హుగ్లీ నది పడమటి గట్టున, హైదరాబాదునుండి వచ్చెడి ఈస్టుకోస్టు ఎక్స్‌ప్రెస్సు దిగి షాలిమార్ పరిసరములలో కాపురము పెట్టిన మన ప్రవాసాంధ్ర మహాశయు డొకరికి, అమెరికాలోని బావమఱది పెరటి వైభవమును ఫోనులో దర్శించినది మొదలు, మాంసమును పొగబెట్టెడి యంత్రము నొకదానిని కొనవలెనను దుర్నివారమైన కాంక్ష జనించినది. బొగ్గుదా, కరెంటుదా, కొయ్యగుళికలదా యను మీమాంస సాగుచునే యున్నది. 110 డిగ్రీల సన్నసెగను పదిగంటలు నిలుపు యంత్రమేది, దాని ఉష్ణమాపకమునకు బ్లూటూతు గలదా యనునవి ఉపప్రశ్నలు.

పెరడెక్కడ నందురా? మూడవ యంతస్తు బాల్కనీలో, ఇనుప ఊచల వెనుక, బట్టల తీగకును తులసికుండీకిని నడుమ మిగిలిన మూరెడు జాగాయే పెరడు! పచ్చికట్టె వేసినచో దట్టమైన తెల్లపొగ లేచి మాంసము చేదెక్కుననియు, ఎండిన మామిడి, జామ కట్టెలు శ్రేష్ఠములనియు కంఠస్థము చేసిన ఈ పండితుడు, ఆ పొగ పైయింటి భద్రలోక గృహిణి ఆరవేసిన తాంత్ చీరలకు పట్టునని మాత్ర మెఱుగడు. (శీతకాలమున ఈ నగరపు గాలియే కావలసినంత పొగను ఉచితముగా సరఫరా చేయుచుండుట వేఱు సంగతి.)

అరకులోయలోనైతే పచ్చివెదురు బొంగులో మసాలా పట్టించిన కోడిమాంసమును కూరి, మూతి ఆకులతో బిగించి, నూనెచుక్క లేకుండ నిప్పులపై కాల్తురు. బొంగునకు వారంటీ యెవ్వడును అడుగడు.

అయ్యా, కొనుడు, వలదనము. అడ్వాన్సు కట్టుటకు ముందు మీ భవనసంఘ కార్యదర్శి నొకమాఱు అడుగుడు.