పాలడబ్బా ఎక్కడ దాచారో కనుక్కోండి

అమెరికాలో బేబీ షవర్ చేయాలంటే ముందు కడుపుతో ఉన్న అమ్మాయి కావాలి, ఆ తర్వాత ఎక్సెల్ షీటు కావాలి. రెంటిలో షీటుకే ఎక్కువ శ్రద్ధ దక్కుతుంది. స్కావెంజర్ హంట్, అంటే దాచిన వస్తువులు వెతికే ఆట పెట్టారంటే మరీను. ఏ చీటీ ఎక్కడ దాచాలి, ఎవరెవరు ఏ జట్టు, గెలిచినవాళ్ళకు సువాసనల కొవ్వొత్తి ఇవ్వాలా, కాఫీ షాపు గిఫ్ట్ కార్డు ఇవ్వాలా అన్న చర్చ స్నేహితురాళ్ళ వాట్సాప్ గ్రూపులో నెల ముందే మొదలవుతుంది. ఆ గ్రూపులో గర్భిణి ఉండదు. ఆమెకు సర్‌ప్రైజ్ కదా.

ఆ రోజు రానే వస్తుంది. మొదటి చీటీలో ప్రాస కుదిరీ కుదరని నాలుగు పాదాలు. వాటిని విప్పితే మైక్రోవేవ్‌కి దారి. అందులో పాలసీసా, సీసాలో రెండో చీటీ. అది బాత్రూములో రబ్బరు బాతు దగ్గరికి తోలుతుంది. సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టులు, పళ్ళ డాక్టర్లు మోకాళ్ళ మీద పాకుతూ సోఫా కింద పాసిఫయర్ కోసం దేవులాడతారు. నిండు చూలాలు మాత్రం పూలు చుట్టిన పేము కుర్చీలో, భుజమ్మీద సాటిన్ పట్టీతో, అందరినీ చూసి నవ్వుతూ కూర్చోవాలి. నడుం నొప్పి పుట్టడానికి షెడ్యూల్లో వేళ కేటాయించలేదు. ఇల్లు ఇరుకైతే ఆట సూపర్‌మార్కెట్‌కు మారుతుంది: డైపర్ల వరుస ముందు జట్టంతా ఒక ఫొటో, ఉయ్యాలల దగ్గర ఇంకో ఫొటో. లేవడానికి బద్ధకించేవాళ్ళకు పర్సు హంట్ ఉంది. కూర్చున్నచోటే హ్యాండ్‌బ్యాగు దులిపి సేఫ్టీ పిన్ను, శానిటైజరు, పాత రసీదు దొరికితే మార్కులు వేసుకోవచ్చు.

ఈ ఆటను వెనకేసుకొచ్చేవాళ్ళు చెప్పే కారణం ఒకటే: మిగతావాటికంటే నయం. ఒప్పుకోక తప్పదు. ఎందుకంటే మిగతావాటిలో, డైపర్లో చాక్లెట్ కరిగించి పోసి అది ఏ చాక్లెట్టో వాసన చూసి చెప్పమనే ఆట ఉంది. గర్భిణి పొట్ట చుట్టూ తిప్పడానికి ఎంత టాయిలెట్ పేపర్ కావాలో అంచనా వేసి చింపుకొచ్చే ఆట ఉంది. ‘బేబీ’ అన్నవాళ్ళ దగ్గర బట్టల క్లిప్పు లాక్కునే ఆట కూడా ఉంది. బిడ్డ కోసం చేసే వేడుకలో బిడ్డ పేరెత్తడం నేరం! వీటి పక్కన నిలబెడితే పాసిఫయర్ వెతకడం శాస్త్రీయ పరిశోధనే.

నిజానికి స్కావెంజర్ హంట్‌కూ పసిపిల్లలకూ పుట్టుకతో ఏ సంబంధమూ లేదు. దాన్ని విందుల్లోకి తెచ్చిన ఘనత ఎల్సా మాక్స్‌వెల్‌ది. డబ్బున్నవాళ్ళకు విందులు చేసిపెట్టడమే వృత్తిగా బతికిన అమెరికన్ ఆవిడ. 1927లో పారిస్‌లోనూ, 1933లో న్యూయార్క్‌లోనూ పెద్దింటి వాళ్ళను ఊరంతా తిప్పి వాళ్ళ చేత వింత వస్తువులు వెతికించింది. 1933 అంటే మహామాంద్యం నడుస్తున్న రోజులు. అమెరికాలో పనిచేయగలిగినవాళ్ళలో దాదాపు నలుగురికి ఒకరు ఖాళీగా ఉన్నారు. ఊళ్ళో కొందరు తిండి వెతుక్కుంటుంటే ఇంకొందరికి వెతకడం సరదాగా తోచింది. మూడేళ్ళకే హాలీవుడ్ దీన్ని పట్టేసింది. 1936లో గ్రెగరీ లా కావా తీసిన ‘మై మ్యాన్ గాడ్‌ఫ్రీ’లో ఒక ధనవంతుల పిల్ల నది ఒడ్డున చెత్తకుప్పల దగ్గర తలదాచుకున్న మనిషికి అయిదు డాలర్లిస్తాను, నా వెంట రమ్మంటుంది. ఆమె జాబితాలో ‘అందరూ మరిచిపోయిన మనిషి’ అన్న వస్తువు ఒకటి మిగిలిపోయింది. అక్కడ హోటల్ హాల్లో వాళ్ళమ్మ అప్పటికే మేకను పట్టుకుని లెక్కల బల్ల దగ్గర నిలబడి ఉంటుంది. ప్రేక్షకులు నవ్వారు. తర్వాత ఇంటికెళ్ళి అదే ఆట ఆడుకున్నారు.

బేబీ షవర్‌లో ఈ ఆట పెట్టేవాళ్ళు మాత్రం తెలియకుండానే ఒక మంచి పని చేస్తున్నారు. కాబోయే తల్లికి శిక్షణ ఇస్తున్నారు. అసలు వెతుకులాట షవర్ తర్వాతే.

2022 సంగతే చూడండి. ఫిబ్రవరిలో మిషిగన్ రాష్ట్రం స్టర్జిస్‌లోని అబాట్ కంపెనీ ఫ్యాక్టరీ మూతపడింది. అక్కడి పాలపొడి తాగిన పిల్లలు కొందరు జబ్బుపడ్డారన్న ఫిర్యాదులు, ఫ్యాక్టరీలో బాక్టీరియా దొరకడం అందుకు కారణాలు. ఒక్క ఫ్యాక్టరీ ఆగితే ప్రపంచంలోకెల్లా సంపన్న దేశంలో పసిపిల్లలకు పాలు కరువయ్యాయి. అక్కడి పాలపొడి వ్యాపారం దాదాపంతా నాలుగే కంపెనీల చేతిలో ఉంది మరి. మే నెలకల్లా దేశమంతటా పాలడబ్బాల అరల్లో నలభై శాతం పైగా ఖాళీ. పెద్ద దుకాణాలు మనిషికి ఇన్ని డబ్బాలే అని హద్దు పెట్టాయి. తల్లులు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి కార్లేసుకుని తిరిగారు. ఎక్కడ రెండు డబ్బాలు కనిపించినా ఫేస్‌బుక్ గ్రూపుల్లో ఒకరికొకరు కబురు పెట్టుకున్నారు. ప్రాస లేని చీటీలన్నమాట. చివరికి అప్పటి అధ్యక్షుడు బైడెన్ రక్షణ ఉత్పత్తుల చట్టాన్ని బయటికి తీశారు. మే 22న జర్మనీలోని రామ్‌స్టైన్ స్థావరం నుంచి సైనిక విమానమొకటి సుమారు 35 టన్నుల పాలపొడితో ఇండియానాపొలిస్‌లో దిగింది. ఇంత పెద్ద స్కావెంజర్ హంట్‌ను ఏ పిన్నీ, ఏ ఈవెంట్ ప్లానరూ నిర్వహించి ఉండరు.

పాలడబ్బా కంటే ముందు పురిటి ఆసుపత్రిని వెతకాలి. మార్చ్ ఆఫ్ డైమ్స్ సంస్థ 2024 నివేదిక ప్రకారం అమెరికా కౌంటీల్లో 35 శాతం చోట్ల కాన్పు చేసే ఆసుపత్రి లేదు, కాన్పుల కేంద్రం లేదు, కాన్పు డాక్టరూ లేరు, మంత్రసానీ లేదు. తర్వాత సెలవు. 1993 నాటి కేంద్ర చట్టం పన్నెండు వారాల సెలవిస్తుంది గాని జీతం ఇవ్వదు. అదీ యాభైమందికి తగ్గకుండా ఉద్యోగులున్న చోట, కనీసం ఏడాది పనిచేసి ఉంటేనే. కాలిఫోర్నియా, న్యూజెర్సీ లాంటి కొన్ని రాష్ట్రాలు మాత్రం జీతంలో కొంత భాగం వచ్చేలా తమ దారి తాము చూసుకున్నాయి. ఇక డైపర్లు. కొత్తగా పుట్టిన బిడ్డకు రోజుకు పదిదాకా కావాలి. పేదలకు ప్రభుత్వం ఇచ్చే ఆహార సాయంతో వాటిని కొనకూడదు. డైపర్ ఆహారం కాదుగా! చాక్లెట్ పోస్తే అవుతుందేమో.

న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో టెక్సస్‌లోని ఫ్రిస్కోలోనో ఉండే తెలుగువాళ్ళకు ఈ ఆటలో అదనంగా ఇంకో రౌండు ఉంది. పొద్దున సీమంతం: పట్టుచీర, గాజులు, చలిమిడి, ముత్తైదువుల హారతి. సాయంత్రం గౌను, బెలూన్లు, స్కావెంజర్ హంట్. పొద్దున అక్షతలు వేసిన అత్తయ్యలే సాయంత్రానికి జట్టు ‘బి’. అక్కడ కనిపించని మనిషి ఒక్కరే, గర్భిణి తల్లి. శొంఠిపొడి, కాయం, నలుగుపిండి, వెల్లుల్లి కారం సూట్‌కేసులో సర్దుకుని ఆవిడ హైదరాబాద్‌లో వీసా స్లాటు కోసం వెతుకుతోంది. 2022 చివర్లో మన దేశంలో మొదటిసారి విజిటర్ వీసా ఇంటర్వ్యూ కోరినవాళ్ళకు రెండేళ్ళు దాటిన తేదీలు కనిపించాయి. అంటే పురిటికి బయల్దేరిన అమ్మమ్మ మనవడి రెండో పుట్టినరోజుకు చేరుతుంది. అర్ధరాత్రి రెండింటికి కంప్యూటర్ ముందు కూర్చుని పేజీ మళ్ళీ మళ్ళీ తెరిచే తండ్రులు, ఆ పని చేసిపెడతామని డబ్బు గుంజే ఏజెంట్లు, చిలుకూరు బాలాజీ చుట్టూ పదకొండు ప్రదక్షిణలు, వీసా వస్తే నూట ఎనిమిది. తీరా వచ్చాక సాధారణంగా ఆరు నెలలే ఉండనిస్తారు. కాబట్టి అమ్మ దిగే విమానానికీ అత్తగారు ఎక్కే విమానానికీ పొంతన కుదర్చడానికి మరో ఎక్సెల్ షీటు.

సరదాను సరదాగా తీసుకోవాలి గాని ఇన్ని లెక్కలెందుకు అనేవాళ్ళుంటారు. నిజమే, నలుగురు నవ్వుకుంటే ఎవరికీ నష్టం లేదు. అయితే వెతికించకుండా చేతికిచ్చే పద్ధతులూ లోకంలో ఉన్నాయి. ఫిన్లాండ్ 1938 నుంచి పేద తల్లులకు, 1949 నుంచి తల్లులందరికీ బట్టలు, పక్క అన్నీ పెట్టిన పెట్టె పంచుతోంది. గర్భానికి నాలుగు నెలలు నిండకముందే డాక్టరుకో నర్సుకో చూపించుకుంటే చాలు. బిడ్డను ఆ పెట్టెలోనే పడుకోబెట్టవచ్చు కూడా. తెలంగాణలో 2017లో మొదలైన కేసీఆర్ కిట్‌లో సబ్బు, నూనె, దోమతెర, తల్లికి చీరలు, బిడ్డకు బట్టలు ఉండేవి. సర్కారు దవాఖానలో కాన్పయితే కిట్‌తోపాటు విడతలుగా డబ్బూ వచ్చేది. దోమతెర ఎక్కడ దాచారో చెప్పమని పొడుపుకథ ఎవరూ వేయలేదు. అమెరికాలోనూ టెనెసీ రాష్ట్రం 2024లో తన మెడికెయిడ్ (పేదల వైద్య బీమా) కింద రెండేళ్ళలోపు పిల్లలకు నెలకు వంద డైపర్లు ఇవ్వడం మొదలుపెట్టింది. రోజుకు మూడు చొప్పున లెక్క తేలుతుంది. మిగతావి సోఫా కింద చూసుకోవాలి.

ఇకముందు షవర్ చేసేవాళ్ళు చీటీలు కాస్త మార్చి రాస్తే జట్లకు పని పడుతుంది. మొదటి చీటీ: కొత్త పేషెంట్లను చేర్చుకుంటున్న పిల్లల డాక్టరును, మీ ఇన్సూరెన్స్ ఒప్పుకునేవారిని కనుక్కోండి. రెండోది: భర్తకు జీతంతో సెలవిచ్చే మేనేజర్ని పట్టుకురండి. మూడోది: వెయిటింగ్ లిస్టు లేని డేకేర్. నాలుగోది: వచ్చేవారం వీసా స్లాటు. ఒక్క చిక్కుంది. షెడ్యూలు ప్రకారం ఆట నలభై నిమిషాల్లో ముగిసి, కేకు కోయాలి. ఈ ఆట మాత్రం బిడ్డకు అయిదేళ్ళు నిండి, కిండర్‌గార్టెన్ బస్సెక్కేదాకా సాగుతుంది. కేకు ఫ్రిజ్‌లో పెట్టుకోవడం మంచిది.