లారీకి లెవెల్ ఉంటుందా?

పలమనేరు పిల్లోడు సిపాయి. సరిహద్దుకు బదిలీ అయితే పెళ్లాంబిడ్డల్ని సామానుతో సహా సొంతూరు పంపాలి. ఖర్చు సర్కారే ఇస్తుంది, కాదన్నదెవరు? ఏడో వేతన సంఘం తర్వాత 2017లో వచ్చిన లెక్క ఇదీ: జీతాల లెవెల్ 4 దాకా (సిపాయిది 3) 1,500 కిలోలు, రోడ్డు మీద కిలోమీటరుకు 15 రూపాయలు. లెవెల్ 5 హవల్దారుకు 3,000 కిలోలు, 25 రూపాయలు. నాయబ్ సుబేదార్ నుంచి 6,000 కిలోలు, 50 రూపాయలు. ఆ లెక్కన వెయ్యి కిలోమీటర్లకు సిపాయికి 15 వేలు, సుబేదారుకు 50 వేలు.

కిలోకు ఎంత అని చూస్తే సిపాయికే కాస్త మొగ్గు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. వచ్చిన చిక్కల్లా లారీతోనే. అది కిలోలకు రాదు, ట్రిప్పుకు వస్తుంది. పైగా తిరుగు కిరాయి అడుగుతుంది. రైల్లో వేద్దామా అంటే పలమనేరుకు రైలే లేదు. చిత్తూరులో దించి, మళ్లీ ఇంకో బండెక్కించి, మొగిలి ఘాటు ఎక్కించాలి. "లెవెల్ 3 సామానన్నా, కొంచెం చూసి చెప్పు" అంటే డ్రైవరు "ఘాటుకు లెవెల్ తెలీదు సామీ" అంటాడు.

డీజిల్ పెరిగితే ఈ రేటు కదలదు. డీఏ 50 శాతం పెరిగితే పావు వంతు కదులుతుంది; అలా కదిలింది 2024లో. బీరువా, మంచం, మిక్సీ అంతదాకా ఆగాయి కాబోలు!

బండి సంగతీ ఉంది. హవల్దారు దాకా ఒక్క టూవీలరుకే ఖర్చు. అప్పుచేసి మారుతి కొన్న హవల్దారు నిబంధన ప్రకారం ఇంకా స్కూటరు మీదే తిరుగుతున్నాడు.