నాలుగు నిమిషాల రాజపూజ్యం

ఎమిరేట్స్‌లో తెలుగువాడికి లోకల్ టీవీ నుంచి పిలుపంటూ వస్తే ఉగాదికే వస్తుంది. మలయాళీలకు హిట్ 96.7 రేడియో ఉంది, తమిళులకూ సొంత స్టేషనుంది, పొద్దున కారెక్కగానే ట్రాఫిక్ తిట్లయినా సొంత భాషలో వింటారు. మనం మాత్రం పచ్చడి గిన్నె పట్టుకుంటే గానీ ఎవరి కంటికీ ఆనం.

షార్జా అల్ నహ్దాలో మా పై ఫ్లాటు అన్నగారికి ఆ యోగం పట్టింది. 2025లో మన విశ్వావసు ఉగాది, ఇక్కడి ఈద్ ఒకే ఆదివారం, మార్చి 30న పడ్డాయి. ఉగాది ఎప్పుడో పంచాంగం ఏడాది ముందే చెప్పేసింది. ఈద్ ఎప్పుడో నెలవంక కనిపించాలి కదా, శనివారం సాయంత్రం గానీ తేలలేదు. తేలిన కాసేపటికే ఒక చానల్ నుంచి ఫోను: ‘సార్, రేపు తొమ్మిదింటికి లైవ్. పండుగ స్పెషల్లో కొంచెం ఇండియన్ టచ్ కావాలి. మీ డ్రింకు తెచ్చుకోండి.’

డ్రింకంటే ఉగాది పచ్చడి. మామిడికాయ లూలూలో దొరికింది. వేపపువ్వుకు దుబాయ్, షార్జాల్లో కొదవ లేదు, వీధి వీధికీ వేపచెట్లే. అన్నగారు ఫోన్ టార్చి వేసుకుని అర్ధరాత్రి చెట్టు కింద ఏరుకున్నారు. వదినగారు పట్టుపంచె ఇస్త్రీ చేశారు. ఆయన మాత్రం తెల్లవార్లూ అరవై సంవత్సరాల పేర్లూ, షడ్రుచుల అంతరార్థమూ వల్లె వేశారు. పెట్రోలూ, సాలిక్ టోలూ సొంత డబ్బే. గెస్టు గౌరవం అక్కడి నుంచే మొదలవుతుంది.

స్టూడియోలో మొదటి చిక్కు మైకుతో వచ్చింది. కాలరుకు పెట్టేది చిన్నదే గానీ, దాని తోకకు అరచేతంత పెట్టె ఒకటి ఉంటుంది, అది బెల్టుకు తగిలించాలి. పంచెకు బెల్టెక్కడిది? ముగ్గురు నిపుణులు చుట్టూ చేరి ఇంగ్లీషులో చర్చించారు. ఈలోగా ఓ మలయాళీ చేట్టన్ వచ్చి, ఇంట్లో తనూ ముండు కట్టేవాడే గనుక, మారు మాట్లాడకుండా వెనక దోపేసి వెళ్లిపోయాడు. ఈ దేశంలో పనులన్నీ దాదాపు ఇలాగే జరుగుతాయి.

రెండోది కండువా. అంచు ఆకుపచ్చ. వెనక తెరా ఆకుపచ్చే. కాబట్టి అంచు ఉన్నచోటల్లా తెర మీది బుర్జ్ ఖలీఫా కనిపిస్తుందట. 828 మీటర్ల భవనాన్ని భుజాన వేసుకుని టీవీలో కనబడటం ఎవరికి చేదు? అయినా తీయించేశారు.

అత్తరు వ్యాపారి తర్వాత, పిల్లల కార్ సీట్ల నిపుణురాలికి ముందు, అన్నగారి వంతు. నాలుగు నిమిషాలు. బ్రహ్మదేవుడు సృష్టి మొదలుపెట్టిన రోజు దగ్గర ఎత్తుకున్నారు. యాంకరమ్మ చిరునవ్వుతో ‘ఇది తాగితే బరువు తగ్గుతారా?’ అంది. ఆయన ప్రభవ, విభవ అంటూ సంవత్సరాల్లోకి దిగబోయారు. కెమెరా పక్కన ఫ్లోర్ మేనేజరు వేలు గిరగిరా తిప్పాడు. టైమైపోయింది, ముగించమని దానర్థం. పచ్చడి కలపమంటున్నాడు కాబోలనుకుని అన్నగారు గరిటె తీసుకుని కలపసాగారు. వేలు ఎంత వేగంగా తిరిగితే గరిటె అంత వేగంగా తిరిగింది.

చివరికి యాంకరమ్మ ఒక గుక్క తాగింది. వేపపువ్వు తగిలింది. లైవు కాబట్టి మింగింది. ‘వావ్’ అనడానికి ఆవిడ పడిన పాటు మాత్రం క్లిప్పై ఫోన్లన్నీ చుట్టింది. అందులో అన్నగారు మోచేతి వరకు ఉన్నారు.

ఇక్కడ తొమ్మిదంటే అన్నగారి అమ్మానాన్నలుండే తెనాలిలో పదిన్నర. ఉగాది పూట పదిన్నరకు తెలుగిళ్లలో పంచాంగ శ్రవణం తప్ప ఇంకేం మోగుతుంది? అమ్మ రిమోట్ వదల్లేదు. నాన్న ఫోన్లో చూశారు, సౌండు పెట్టడం తెలియలేదు. కాబట్టి కొడుకు పెదవులు కదిలాయి, పంతులుగారి గొంతు వినిపించింది: ఈ రాశివారికి రాజపూజ్యం తక్కువ, అవమానం ఎక్కువ. తర్వాత ఫోన్ చేసి నాన్న అడిగింది ఒక్కటే. ‘చిక్కిపోయావేంట్రా?’

నవ్వుకున్నాం గానీ, అన్నగారికి సోఫా అయినా దక్కింది. మన తెలుగు చానళ్ల గల్ఫ్ గెస్టు వేరే ఉన్నాడు. జగిత్యాలవాడో, నిజామాబాదువాడో. ఆయనకు మేకప్పుండదు, ఫ్లోర్ మేనేజరుండడు. లేబర్ క్యాంపులో రెండంతస్తుల మంచం మీద కూర్చుని ‘ఏజెంటు మోసం చేసిండు సారూ, ఇంటికి తీస్కపోండ్రి’ అని ఫోన్లో తీసి పంపితే అదే ప్రోగ్రామ్. యాంకరు ఒక నిట్టూర్పు విడుస్తుంది, ఆ వెంటనే నగల దుకాణం ప్రకటన వస్తుంది.

అందుకని ఇక్కడి చానళ్లవారికి ఒక మనవి. మళ్లీ ఇండియన్ టచ్ కావలసి వస్తే దుబాయ్ సోనాపూర్ లేబర్ క్యాంపు నుంచి ఓ జగిత్యాల మేస్త్రీని పిలవండి. మీరు వెనక తెర మీద వేసుకునే భవనాలు ఎలా లేస్తాయో నాలుగు నిమిషాల్లో చెప్పేస్తాడు. మైకు తగిలించడానికి సేఫ్టీ బెల్టు కూడా ఉంటుంది. టైము దొరకదేమోనన్న బెంగ అక్కర్లేదు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని చేయించరాదని ఈ దేశంలో నిబంధన ఉంది. ఆ రెండున్నర గంటలూ ఆయన ఖాళీయే.